మాట వెనుక కథ: పాషండం

ధర్మపురి నరసింహస్వామిని శేషప్ప కవి సీసపద్యాల్లో నిలదీశాడు. నా మొర ఎందుకు ఆలకించవని దేవుడితోనే తగువు పెట్టుకున్నాడు. ఆ ‘నరసింహ శతకా’న్ని మనం భక్తి కిందే లెక్కేశాం, పాషండం అనలేదు.

అసలు పాషండం మొదట్లో తిట్టే కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన ప్రాకృత శాసనాల్లో ‘పాసండ’ అంటే మతశాఖ, అంతే. అన్ని పాసండాలనూ గౌరవిస్తానని, సొంతదాన్ని పొగుడుకుంటూ ఎదుటిదాన్ని తెగడొద్దని, నోరు అదుపులో పెట్టుకోమని 12వ శాసనంలో చెప్పాడు. ఒక రాజు రాతిమీద రాయించిన మాటల్లో నాకు ఇంతకంటే గొప్పది కనిపించదు. తర్వాత పురాణాలు వేదాన్ని ఒప్పుకోని బౌద్ధ జైనులకు ఆ పేరు తగిలించాయి. తెలుగులో నాస్తికుడు, వేదబాహ్యుడు అన్న నిందే మిగిలింది.

యూరప్‌లోనూ ఇదే దారి. గ్రీకు ‘హైరెసిస్’ అంటే ఎంచుకోవడం. చర్చి చేతిలో అది నేరమైంది. ఆత్మ దైవప్రేమలో పూర్తిగా కరిగిపోతుందని మార్గరీత్ పోరెత్ అనే ఆవిడ ఫ్రెంచిలో రాసింది. బిషప్పు ఆ పుస్తకాన్ని తగలబెట్టించాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. విచారణలో పెదవి విప్పలేదు. 1310 జూన్ 1న పారిస్‌లో, నలుగురూ చూస్తుండగా సజీవ దహనం చేశారు. పుస్తకం మాత్రం పేరు లేకుండా చేతులు మారుతూ బతికింది. అది ఆమెదేనని 1946లో ఇటలీ పండితురాలు రొమానా గ్వార్నియేరి తేల్చింది.