అడవి మాటున నేల ఎత్తు ఎంత?

చెట్ల తలలనే నేలగా చూపుతున్న ఉపగ్రహ పటాలు

శ్రీకాకుళం: నాగావళి, వంశధార నదులు ఒడిశా కొండల్లో జన్మించి, తూర్పు కనుమల మీదుగా ఉత్తరాంధ్రలోకి ప్రవేశిస్తాయి. ఎగువన కురిసిన వాన ఏ గెడ్డలో చేరుతుంది, ఎంతసేపటికి దిగువ గ్రామాలను తాకుతుంది అన్న అంచనాకు నేల ఎత్తుపల్లాల లెక్కే ఆధారం. ఆ లెక్కను కంప్యూటరులో పొందుపరచిన రూపమే డిజిటల్ టెర్రైన్ మోడల్. చెట్లు లేని మైదానంలో బాగానే కుదిరే ఈ లెక్క అడవిలో తప్పుతోంది.

కారణం చెట్లే. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండీవర్ భూమి ఎత్తులను రాడార్‌తో కొలిచినప్పుడు, దట్టమైన అడవుల్లో తరంగాలు చాలావరకు కొమ్మల నడుమ నుంచే వెనుదిరిగాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన కార్టోశాట్-1 జంట కెమెరాల చిత్రాలతో రూపొందినదే కార్టోడెమ్. దట్టమైన అడవిలో ఆ కెమెరాలకూ కనిపించేది చెట్ల తలలే.

ఫలితంగా ఒడ్డున చెట్లు గుబురుగా ఉన్న గెడ్డకు పటంలో అడ్డుగట్టు కట్టినట్లవుతుంది. నీరు పారే చోట నిలిచినట్లు లెక్క వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలాయి. నేల కదలకపోయినా, అలాంటి చోట ముందు, తర్వాత కొలతలను పోల్చితే నేలే కుంగినట్లు భ్రమ కలుగుతుంది.

సవరణ మార్గాలు

* లైడార్: విమానం నుంచి లేజర్ కిరణాలను పంపుతారు. ఆకుల సందుల్లోంచి నేలను తాకి వచ్చిన కిరణాలను వేరుచేసి ఎత్తు కడతారు. నిటారు కొండవాలును చెట్టుగా పొరబడే ప్రమాదం ఉన్నందున వడపోత జాగ్రత్తగా జరగాలి.

* కాలం: ఆకురాల్చే అడవుల్లో శిశిరంలో కొలిస్తే నేలను చేరే కిరణాలు పెరుగుతాయి.

* తీసివేత: చెట్ల ఎత్తును అంచనా వేసి పటం నుంచి తగ్గిస్తారు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన ఫాబ్‌డెమ్ పటంలో ఇలా చేయగా, అటవీ ప్రాంతాల్లో సగటు దోషం 5.15 మీటర్ల నుంచి 2.88 మీటర్లకు తగ్గింది.

* తనిఖీ: దట్టమైన చెట్ల కింద జీపీఎస్ సంకేతాలు బలహీనపడతాయి. అందువల్ల ఖాళీ ప్రదేశంలో స్థానం నిర్ధారించుకుని, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో అడవి లోపలికి కొలుచుకుంటూ వెళ్లాలి.

సవరించిన తర్వాత కూడా మిగిలిన దోషం దాదాపు ఒక ఇంటి అంతస్తు ఎత్తు. వరద ముంపు లెక్కలో అది ఊరు మునగడానికీ, మునగకపోవడానికీ మధ్యనున్న తేడా. కనుక కొండ ప్రాంతాల్లో కాలువకైనా, రహదారికైనా, వరద హెచ్చరికకైనా ఉపగ్రహ పటాన్ని నేలపై కొలతతో సరిచూసుకున్నాకే వినియోగించడం శ్రేయస్కరం.