మేమా, మనమా?

జర్మనీలోని లైప్‌జిగ్‌లో దిగిన రెండో వారం. 2014 అక్టోబరు 9. హైదరాబాదు నుంచి ఒక్క సెమిస్టరు చదువుకోడానికి వచ్చాను, గదిలోకి ఇంకా దుప్పటి కూడా కొనుక్కోలేదు. సాయంత్రం యూనివర్సిటీ ముందున్న ఆగస్టుస్‌ప్లాట్స్ చౌకు జనంతో కిక్కిరిసింది. ఎవరో నా చేతిలో చిన్న దీపం పెట్టారు. దీపాలన్నీ పేర్చి ‘లైప్‌జిగ్ 89’ అని రాస్తుంటే నేనూ వంగి నాది పెట్టాను. పక్కనున్న పెద్దాయన, ఇరవై అయిదేళ్ల కింద ఇక్కడే ఈ మాట అన్నాం అంటూ చెప్పాడు: ‘వీర్ జింట్ దస్ ఫోల్క్’.

ఈ మాటను తెలుగులో చెప్పడంలో ఓ చిక్కుంది. జర్మన్లకు మనలాగే ‘నువ్వు’, ‘మీరు’ వేరువేరు. కానీ ‘మేము’కీ ‘మనం’కీ ఒకటే మాట: వీర్. ప్రజలం మేమా, మనమా? ఆ నాలుగు నెలలూ నాకు ఈ దేశ చరిత్ర నేర్పింది ఆ ప్రశ్నే.

లైప్‌జిగ్ అప్పట్లో తూర్పు జర్మనీలో ఉండేది. అక్కడి నికొలాయ్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం శాంతి ప్రార్థనలు జరిగేవి. ప్రభుత్వాన్ని పల్లెత్తు మాట అనడానికి వీల్లేని దేశంలో నలుగురు కూడి మాట్లాడుకోగలిగిన చోటు అది. 1989లో వేలమంది హంగరీ మీదుగా దేశం విడిచి పోతుంటే, ఉండిపోయినవాళ్లు ప్రార్థన ముగిశాక వీధిలోకి రాసాగారు. అక్టోబరు 9న వాళ్లు 70,000 మంది అయ్యారు. ఆ జూన్‌లోనే బీజింగ్‌లో సైన్యం జనాన్ని కాల్చిచంపింది. ఇక్కడా అదే జరుగుతుందని ఊరంతా భయపడింది. ఆస్పత్రుల్లో రక్తం సిద్ధం చేసి ఉంచారు. గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రా నిర్దేశకుడు కుర్ట్ మాజూర్, మరో అయిదుగురు కలిసి రాసిన శాంతి విజ్ఞప్తిని వీధి లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. జనం చేతుల్లో కొవ్వొత్తులు. కొవ్వొత్తిని ఒక చేత్తో పట్టుకుని, గాలికి ఆరకుండా రెండో చెయ్యి అడ్డుపెట్టాలి. ఇక రాయి తీసుకోడానికి చెయ్యి మిగలదు. అలాగే ఊరి నడిబొడ్డు చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీద నడిచారు. ఒక్క తూటా పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. గోడ కథ మనందరికీ తెలుసు, ఈ సోమవారాల కథ నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు.

పోలీసుల ముందు నిలబడి అన్నప్పుడు ఆ ‘వీర్’ కచ్చితంగా ‘మేము’. ప్రజల పేరు చెప్పుకునే పార్టీ మీది, ప్రజలం మేము. కొన్ని వారాలకే నినాదంలో ఒక్క ముక్క మారింది: ‘వీర్ జింట్ ఐన్ ఫోల్క్’. అది ‘మనం’. తూర్పూ పడమరా మనం ఒక్కటేనని. 1990 అక్టోబరు 3న ఒక్కటయ్యాయి కూడా. నేను బయల్దేరడానికి నాలుగు నెలల ముందే, జూన్ 2న, తెలంగాణ ఏర్పడింది. ‘మేము’ అన్న మాట బరువెంతో ఉస్మానియా క్యాంపస్ దారుల్లో చూసి వచ్చినదాన్ని. అందుకే నా చెవి అక్కడ ఆగింది.

చదువు సంగతి చెప్పాలి. టైంటేబుల్‌లో పది అని ఉంటే క్లాసు పదింబావుకు మొదలవుతుంది. మొదటి రోజు ఖాళీ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. సెమినార్‌లో నా ప్రసంగం అయిపోగానే అందరూ పిడికిళ్లతో బల్లల మీద కొట్టారు. గుండె జారిపోయింది. ఇక్కడ చప్పట్లు అవే! ‘మీరు చెప్పింది నాకు సరిగ్గా అనిపించలేదు’ అని ఒక విద్యార్థిని అంటే ప్రొఫెసర్ ఆగి ఆలోచించడం నేను అక్కడే చూశాను, దాన్ని మరిచిపోలేను. అదే యూనివర్సిటీ, 1409లో పుట్టింది, 1953 నుంచి 1991 దాకా కార్ల్ మార్క్స్ పేరు మోసింది. దాని పాత చర్చిని 1968 మే 30న ప్రభుత్వమే పేల్చేసింది. ఆ చోటనే చర్చి ఆకారంలో కడుతున్న భవనం నా సెమిస్టరు మొత్తం పనుల్లోనే ఉంది.

ఒంటరితనం మాత్రం నవంబరులో వచ్చింది. నాలుగున్నరకే చీకటి. శనివారం బియ్యం కొనడం మరిచిపోతే ఆదివారం బ్రెడ్డే గతి, దుకాణాలన్నీ బంద్. ఆ నియమం 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి ఇప్పటి రాజ్యాంగంలోకి వచ్చింది. అలాంటి ఓ ఆదివారమే పక్క వాటాలోని పెద్దావిడ సూప్ గిన్నెతో తలుపు తట్టింది. ఆమె ప్లాగ్‌విట్స్‌లోని నూలు మిల్లులో పనిచేసింది. 1884లో మొదలైన ఆ మిల్లు ఒకప్పుడు యూరప్‌లోకెల్లా పెద్దవాటిలో ఒకటి, ఇప్పుడక్కడ చిత్రకారుల స్టూడియోలున్నాయి. తెగిన నూలును ఎలా అతికేదో బొటనవేలూ చూపుడువేలూ రాస్తూ గాల్లో చూపించేది. వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడ్డ కథలు వింటూ పెరిగిన నాకు ఆ వేళ్లు చాలా దగ్గరగా అనిపించాయి. దేశం కలవబోయే ముందే తూర్పు ఫ్యాక్టరీలను అమ్మడానికో మూయడానికో ట్రాయ్‌హాంట్ అనే సంస్థకు అప్పజెప్పారు. లక్షలమంది పనులు పోయాయి. వియత్నాం, మొజాంబిక్‌ల నుంచి తెచ్చుకున్న కాంట్రాక్టు కార్మికులకైతే ఉండే హక్కే ప్రశ్నయింది. 1991 సెప్టెంబరులో ఇదే సాక్సనీ రాష్ట్రంలోని హోయర్స్‌వెర్డాలో వాళ్ల హాస్టల్ మీద రోజుల తరబడి దాడులు చేశారు. చివరికి బస్సులెక్కించి ఊరు దాటించింది దాడి చేసినవాళ్లను కాదు, ఆ కార్మికులను. దీపాల పండుగలో ఈ కథ నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

సెమిస్టరు కలిసొచ్చిందా అని ఇంటి దగ్గర ఇప్పటికీ అడుగుతారు. తిరిగి వెళ్లాక మా కాలేజీ ఆ క్రెడిట్లను పూర్తిగా ఒప్పుకోలేదు. రెండు పేపర్లు మళ్లీ రాశాను. ఆ కోపం ఇంకా పోలేదు. అయినా తర్వాత ఇక్కడికే వచ్చి స్థిరపడ్డాను. దానికి కారణం ఒక జనవరి రాత్రి.

2015 జనవరి 21. వలసలకూ ఇస్లాంకూ వ్యతిరేకంగా లెగీడా అనే గుంపు అదే ఆగస్టుస్‌ప్లాట్స్‌లో చేరింది. ఊరంతా పోలీసులు. వాళ్లకు ఎదురుగా ఇంకా ఎక్కువమంది లైప్‌జిగ్ వాసులు. ట్రాములు ఆగిపోయాయి. లైబ్రరీ నుంచి వస్తూ నేను స్టాపు దగ్గర ఇరుక్కుపోయాను. అప్పుడే అమ్మ ఫోను.

‘‘ఏందే ఆ లొల్లి?’’

‘‘ర్యాలీ అమ్మా.’’

‘‘ఏమంటున్నరు?’’

అదే మాట. అదే చౌకు. నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాను. ‘‘మేమే ప్రజలం అంటున్నరు.’’

‘‘మంచి మాటనే గదా’’ అంది అమ్మ.

ఆ ‘మేము’లో నేను లేనని ఆమెకు చెప్పలేకపోయాను. ఫోను పెట్టేసేసరికి ఎదురు నిరసన నుంచి వస్తున్న పక్కింటి పెద్దావిడ నన్ను చూసి ఆగింది. ఇద్దరం నడుచుకుంటూ ఇంటిదారి పట్టాం. ‘‘అటువైపు నాతో మిల్లులో పనిచేసినవాళ్లూ ఉన్నారు’’ అంది. ‘‘వాళ్లకు అన్యాయం జరిగింది, నిజమే. కానీ ఆ మాట ఆ రోజు నేనూ అన్నాను. దాన్ని ఇలా వాడుకోడానికి వాళ్లకు ఇవ్వలేదు.’’

మెట్లెక్కి నా తలుపు దగ్గర ఆగాం. తాళం చెవి చలికి చేతిలో జారుతుంటే ఆమె తీసుకుని తలుపు తెరిచింది. అప్పటిదాకా నన్ను ‘జీ’, మీరు, అంటూ వచ్చిన మనిషి, వేడిగా ఏమైనా తాగి పడుకో అని చెబుతూ ‘డూ’ అంది. నువ్వు.