పసికందుకు బ్లడ్ కల్చర్ ఎందుకు? రక్తం ఎప్పుడు తీయాలి?

మీ బిడ్డ పుట్టి వారం కూడా కాలేదు. పొద్దుటి నుంచి పాలు తాగడం లేదు, ఒళ్లు చల్లబడుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే ‘ఇన్ఫెక్షన్ అనుమానం ఉంది, బ్లడ్ కల్చర్ పంపాలి’ అన్నారు డాక్టర్. ఇంత చిన్న ప్రాణానికి రక్తం తీయడమేంటని ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడటం సహజమే. అందుకే ఈ విషయాలు తెలుసుకోండి.

ఏం తెలుస్తుంది?
మామూలు రక్త పరీక్ష, సీఆర్పీ ఇన్ఫెక్షన్ ఉండొచ్చని మాత్రమే చెబుతాయి. రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుందన్నది కల్చర్‌లో తేలుతుంది. 2011-14 మధ్య ఢిల్లీలోని 3 ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనంలో, నవజాత శిశువుల్లో కనిపించిన బ్యాక్టీరియాలో చాలావాటికి పలు రకాల యాంటీబయాటిక్స్ పనిచేయడం లేదని తేలింది. అందుకే ఈ రిపోర్టు కీలకం.

ఎంత రక్తం తీస్తారు?
సుమారు 1 మిల్లీలీటరు. 3 కిలోల బిడ్డ ఒంట్లో దాదాపు 250 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది కాబట్టి భయం అక్కర్లేదు. మరీ తక్కువ తీస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు.

ఎప్పుడు తీయాలి?
మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కు ముందే. మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అయితే రిపోర్టు వచ్చేదాకా మందు ఆపకూడదు. శాంపిల్ తీసిన వెంటనే మొదలుపెడతారు.

బోధన్ నుంచి రిఫర్ చేస్తే?
బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు నుంచి బిడ్డను నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలోని ఎస్‌ఎన్‌సీయూకు పంపితే, బయల్దేరే ముందు రిఫరల్ చీటీ చూసుకోండి. ఏ యాంటీబయాటిక్ ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు, కల్చర్‌కు రక్తం తీశారా అన్న మూడు వివరాలూ అందులో రాయించుకోండి. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచండి.

ఖర్చు ఎంత?
జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాది లోపు పిల్లలకు జబ్బు చేస్తే ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షలు, మందులు, రవాణా ఉచితం.

రిపోర్టు ఎప్పుడొస్తుంది?
బ్యాక్టీరియా ఉంటే చాలావరకు 48 గంటల్లో తెలుస్తుంది. తుది రిపోర్టుకు 5 రోజులు పట్టొచ్చు. నెగెటివ్ వచ్చినా లక్షణాలను బట్టి డాక్టర్ మందులు కొనసాగించవచ్చు. మధ్యలో మానేయకండి.

ఆలస్యం వద్దు
పాలు తాగకపోవడం, కదలిక తగ్గడం, నిమిషానికి 60కి మించి శ్వాస, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, జ్వరం, ఒళ్లు చల్లబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.