చందా అడగని హెబ్రోను

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారితే ముషీరాబాద్. అక్కడ గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. 1950లో దాన్ని మొదలుపెట్టింది భక్త సింగ్ గారు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, లండన్‌లో ఇంజినీరింగ్ చదివారు. మన బ్యాచే!

క్రైస్తవుడయ్యాక ఆయన పెట్టుకున్న నియమాలు విచిత్రంగా ఉంటాయి. సొంత ప్లాన్ వేసుకోకూడదు. ఏ సంస్థలోనూ చేరకూడదు. ఎంత అవసరమున్నా మనుషులకు చెప్పకూడదు, దేవుడికే చెప్పాలి. ప్రతి ఎపిసోడ్‌లో సబ్‌స్క్రైబ్ అడిగే నాకైతే ఇది చాలా కష్టం.

మరి కూడికలకు వేలమంది వస్తే అన్నం? ఉచితమే. దాన్ని ప్రేమవిందు అనేవాళ్లు. అందరూ నేలమీద ఒకే వరసలో కూర్చునేవాళ్లు, కులం అడగకుండా. హాస్టల్ మెస్‌లో మనకిది మామూలే. 1950ల్లో ఊళ్లో ఒకే బంతిలో కూర్చోవడమంటే ఏంటో మీ తాతయ్యని అడగండి.

ఇదంతా అద్భుతం అనేసి వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. ఆయన అడగలేదు, కరెక్టే. కానీ ఆ బియ్యం కొన్నది విశ్వాసులు వేసిన కానుకలే. ఆయన పేరు అందరికీ తెలుసు. 2000 సెప్టెంబర్ 17న ఆయన పోయినప్పుడు జనం పోటెత్తారు. కానుక వేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.