పూరికప్పే గోపురమైన ఊరు: ఆంట్‌పూర్

ఆంట్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో, కలకత్తాకు వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెటూరు. చుట్టూ వరి, బంగాళాదుంప పొలాలు, వెదురు పొదలు, చేపల చెరువులు. పక్క ఊరు రాజ్‌బల్‌హాట్‌లో మగ్గాల చప్పుడు. ఈ పల్లెలో మిత్ర వంశం వారి ఆవరణలో దాదాపు 100 అడుగుల ఎత్తున రాధాగోవిందజీయు ఆలయం నిలిచి ఉంది. బర్ద్వాన్ సంస్థానపు దివాను కృష్ణరామ్ మిత్ర 1786లో దీన్ని కట్టించాడు. అన్నీ ఇటుకలే, ముందు గోడ నిండా కాల్చిన మట్టి బొమ్మలే. అంత ఎత్తు గుడికీ గోపురం పల్లెలోని పూరింటి కప్పే. ఇలాంటి గుళ్లు బెంగాల్‌లో ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే ముందు ఆ పూరింటిని చూడాలి.

బెంగాల్ పూరింటికి వెదురు వాసాలను వంచి కడతారు. అందుకే నడికొప్పు మధ్యలో ఎత్తుగా ఉండి రెండు కొసలకూ వాలుతుంది. చూరు కూడా విల్లులా వంగుతుంది. నెలల తరబడి కురిసే వాన కప్పు మీద ఎక్కడా నిలవకుండా జారిపోవడానికి ఆ వంపు. ఇలాంటి వాలును అక్కడ ‘చాలా’ అంటారు. రెండు వాలులుంటే దోచాలా, నాలుగుంటే చార్‌చాలా. చార్‌చాలా మీద చిన్న చార్‌చాలా ఇంకొకటి నిలబెడితే ఆట్‌చాలా, అంటే ఎనిమిది వాలులు. ఆంట్‌పూర్ గుడి ఈ ఆట్‌చాలా పద్ధతిలోదే. కప్పు మీద శిఖరాలు లేపితే దాన్ని ‘రత్న’ ఆలయం అంటారు. ఒకటైతే ఏకరత్న, అయిదైతే పంచరత్న, తొమ్మిదైతే నవరత్న. ఈ బెంగాలీ ఇల్లు చాలా దూరమే ప్రయాణించింది. మొగలులు దాని వంపు కప్పును ఆగ్రా కోటలోకి తెచ్చుకున్నారు. ఆంగ్లేయుల చేతుల్లో ‘బంగ్లా’ విశాలమైన వసారా ఇల్లయింది. తెలుగువారు బంగళా అని పిలిచే ఇంటి పేరు కూడా అక్కడిదే.

పూరిల్లు ఇటుకలోకి మారడానికి మొదటి కారణం నేలే. గంగ, దామోదర్ నదులు తెచ్చి పోసిన ఒండ్రు మీద రాయి దొరకదు, మెత్తని బంకమట్టి మాత్రం ఎంతైనా దొరుకుతుంది. మట్టి పలకలతో గోడలు అలంకరించడం ఆ నేలకు కొత్త కాదు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న పహాడ్‌పూర్ బౌద్ధ విహారంలో 8వ శతాబ్దం నాటికే 2 వేలకు పైగా పలకలు పొదిగారు. ఆ తర్వాత వచ్చిన బెంగాల్ సుల్తానులు గుల్లసున్నం, సుర్కీ (ఇటుక పొడి), తోరణం, గుమ్మటం తెచ్చి ఇటుక పనికి బలమిచ్చారు. ఎత్తయిన ఇటుక కప్పును దూలాలు లేకుండా నిలబెట్టే విద్య అదే. పూరింటి చూరు వంపును శాశ్వతమైన కట్టడంలోకి ముందుగా తెచ్చింది కూడా వారే. పాండువాలో 15వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన ఏక్‌లాఖీ సమాధి చూరు వెదురు పందిరి చూరులాగే వంగి ఉంటుంది. హిందూ ఆలయాలు ఆ వంపునూ తోరణాన్నీ మసీదుల నుంచీ సమాధుల నుంచీ అందుకున్నాయి. ఈ గుళ్ల కథలో ఈ సంగతిని పక్కన పెట్టడానికి వీల్లేదు.

రెండో కారణం భక్తి. 1486లో నవద్వీపంలో పుట్టిన చైతన్యుడు రాధాకృష్ణుల కీర్తనను వాడవాడలా వినిపించాడు. దక్షిణ యాత్రలో ఆయన గోదావరి ఒడ్డున రామానందరాయలను కలిసిన సంగతి తెలుగువారూ తలచుకునేదే. ఆయన తర్వాతి తరాల్లో విష్ణుపూర్ మల్ల రాజు వీర హంబీర్ వైష్ణవం స్వీకరించాడు. అక్కడ 1600 ప్రాంతంలో రాసమంచం, 1643లో శ్యామరాయ ఆలయం, 1655లో రెండు పూరిళ్లను పక్కపక్కన జోడించినట్టుండే జోడ్‌బంగ్లా వచ్చాయి. మందిరం లోపలి గది చిన్నది. కీర్తన, నాట్యం, ఉత్సవం అంతా బయట జరుగుతాయి. అందుకే అలంకారమంతా జనం కళ్లెదుట ఉండే ముందు గోడ మీదికి చేరింది.

18వ శతాబ్దంలో గుళ్లు కట్టించే పని రాజుల నుంచి జమీందారులకు, దివానులకు, వర్తకులకు వచ్చింది. బెంగాల్ నవాబు ముర్షిద్ కులీ ఖాన్ శిస్తు ఏర్పాట్లతో బర్ద్వాన్ వంటి పెద్ద జమీందారీలు పెరిగాయి, వాటి ఉద్యోగులూ స్థితిమంతులయ్యారు. ఆ కాలం సుఖంగా గడిచిందీ కాదు. 1740లలో మరాఠా గుర్రపు దండు పశ్చిమ బెంగాల్ పల్లెలను దోచింది. 1770 కరువులో బెంగాల్ జనంలో మూడో వంతు పోయారని ఆనాటి అంచనా. ఆ కరువు తర్వాత పదహారేళ్లకు కృష్ణరామ్ మిత్ర గుడి పూర్తయింది. ఇటుకల కోసం గంగమట్టి, గంగనీళ్లు తెప్పించాడని చెప్పుకుంటారు.

ఈ గుళ్లను కట్టినవారు సూత్రధరులు. సూత్రం, అంటే కొలత దారం పట్టి పనిచేసేవారు. వాడుక బెంగాలీలో ‘ఛుతోర్’ అంటే వడ్రంగి. కొయ్య, రాయి, మట్టి, చిత్రం అనే నాలుగు పనులూ వారివే. కొయ్యలో నేర్చిన చెయ్యి మట్టిలోకి ఎలా వచ్చిందో ఆంట్‌పూర్‌లో కళ్లారా చూడవచ్చు. ఆలయానికి దగ్గర్లోనే పనస కొయ్యతో చేసిన పాత చండీమండపం ఉంది. దాని స్తంభాల మీద, దూలాల మీద ఉన్న లతలు, పూలు, దేవతలే గుడి గోడ మీద మట్టిలో మళ్లీ కనిపిస్తాయి.

మట్టిని నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, తొక్కి, పలకలుగా పరిచేవారు. పలక పూర్తిగా ఎండకముందు, గోరు గుచ్చితే దిగేంత గట్టిపడ్డాక, వెదురు కత్తులతో బొమ్మ చెక్కేవారు. మెత్తగా ఉంటే అంచు నలుగుతుంది, ఎక్కువ ఎండితే పెచ్చు లేస్తుంది. పెద్ద దృశ్యాన్ని చాలా పలకల మీద విడివిడిగా చెక్కి, కాల్చి, గోడ మీద కలిపేవారు. కాల్చినప్పుడు మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి ఆ తగ్గుదలను ముందే లెక్కవేయాలి. కొలత దారం పట్టినవాడి పనితనమంతా అక్కడే తేలుతుంది.

గోడ మీద ఏది ఎక్కడ ఉండాలన్న దానికి ఒక క్రమం ఉంది. ముందు వసారాకు మూడు తోరణాలు. వాటి పైభాగాన రామరావణ యుద్ధం, కృష్ణలీలలు, దుర్గ. రాముడి బాణం ఒక అంచు నుంచి, రావణుడి పది తలలు ఇంకో అంచు నుంచి ఎదురుపడితే, మధ్యలో వానరులూ రాక్షసులూ ఒకరి మీదొకరు పడుతుంటారు. నేలకు దగ్గరి వరుసలో మనుషుల లోకం: పల్లకీలో జమీందారు, హుక్కా పట్టిన బంట్లు, పడవలు, వేట, టోపీలూ బూట్లూ వేసుకుని తుపాకీ పట్టిన దొరలు. కుంపిణీ పాలన మొదలైన తొలి రోజుల్లో పల్లెజనం కొత్తవారిని ఎలా చూశారో చెప్పే సాక్ష్యం ఈ వరుసలో ఉంది. కాగితం మీద అలాంటిది దొరకడం కష్టం.

ఆంట్‌పూర్ పేరు ఇంకో కారణంగానూ నిలిచింది. 1886 డిసెంబరు 24 రాత్రి, రామకృష్ణ పరమహంస కన్నుమూసిన నాలుగు నెలలకు, నరేంద్రనాథుడూ మరో ఎనిమిది మంది శిష్యులూ ఈ ఊళ్లో ధుని (పవిత్రాగ్ని) చుట్టూ కూర్చుని సన్యసించాలని నిశ్చయించుకున్నారు. వారిలో బాబూరామ్ ఘోష్, తర్వాతి ప్రేమానంద స్వామి, ఈ ఊరివాడే. నరేంద్రుడే వివేకానందుడయ్యాడు. ఆ చోట ఇప్పుడు రామకృష్ణ మఠం ఉంది.

19వ శతాబ్దం నడుస్తుండగా సూత్రధరుల పని తగ్గిపోయింది. 1860, 70లలో ‘బర్ద్వాన్ జ్వరం’గా పేరుపడ్డ మలేరియా హుగ్లీ, బర్ద్వాన్ పల్లెలను ఖాళీ చేసింది. డబ్బున్న కుటుంబాలు కలకత్తా చేరాయి. కొత్తగా కట్టినచోట మట్టి పలకల బదులు సున్నపు పూత బొమ్మలు వచ్చాయి. ఈ గుళ్లను ఊరూరా తిరిగి, కొలిచి, ఫోటోలు తీసి, వర్గీకరించినవాడు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆంగ్లేయుడు డేవిడ్ మెకచన్. 1972లో నలభై రెండేళ్లయినా నిండకుండానే కలకత్తాలో మరణించాడు. ఆయన కూర్చిన సామగ్రితో జార్జ్ మిషెల్ సంపాదకత్వంలో బెంగాల్ ఇటుక ఆలయాల మీద పెద్ద గ్రంథం 1983లో వచ్చింది.

రాధాగోవిందజీయు ఆలయంలో పూజ సాగుతూనే ఉంది. బెంగాల్‌లో చాలా ఇటుక గుళ్లకు మాత్రం రావి, మర్రి వేళ్లు ఇటుకల మధ్య దూరి కప్పు చీలుస్తున్నాయి, విడిపోయిన పలకలను దొంగలు పట్టుకుపోతున్నారు. మరమ్మతు పేరుతో పూసిన సిమెంటు ఇటుకలోని తేమను బయటికి పోనివ్వదు, రంగు వేస్తే చెక్కడపు గీతలు పూడిపోతాయి. అన్నిటికన్నా నెమ్మదిగా, విడవకుండా పనిచేసేది ఉప్పు. నేలలోని తేమతో పాటు గోడలోకి పాకి, ఆరినప్పుడు పలక పైపొరను పొడిగా రాల్చేస్తుంది. ఇది కింది నుంచి పైకి పోతుంది. యుద్ధాలూ లీలలూ ఇంకా స్పష్టంగా ఉన్న గోడల మీద కూడా ముందుగా అరిగిపోయేది పల్లకీలు, పడవలు, తుపాకీ దొరలు ఉన్న అడుగు వరుసే.