పేరు పెట్టింది ఎవరు, పోగొట్టుకున్నది ఎవరు?

‘సుప్రీమ్స్’ అనే పేరు ఎంచింది ఫ్లారెన్స్ బల్లార్డ్. ఆ పేరు చెప్పుకుని పాటలు అమ్ముకోనని 1968లో సంతకం పెట్టాల్సి వచ్చిందీ ఆమే. నల్లజాతి సంగీత చరిత్రను హిట్ల లెక్కగా రాసేవాళ్ళకి ఈ సంగతి పట్టదు.

1943లో డెట్రాయిట్‌లో పుట్టింది. తండ్రి దక్షిణాది నుంచి వలసొచ్చిన కార్మికుడు. మన వెలివాడల్లాగే నల్లవాళ్ళకని విడిగా కట్టిన బ్రూస్టర్ కాలనీలో పెరిగింది. 1959లో ‘ప్రైమెట్స్’ బృందం ఆమెతోనే మొదలైంది. మేరీ విల్సన్, డయానా రాస్ తర్వాత వచ్చి కలిశారు. 1961లో మోటౌన్ కంపెనీ కొత్త పేరు కావాలంటే, జాబితాలోంచి ‘సుప్రీమ్స్’ని ఏరింది ఫ్లారెన్సే. మిగతా ఇద్దరికీ అది నచ్చనే లేదు!

ఆమెది చర్చిలో పండిన గొంతు, పెద్ద గొంతు. మోటౌన్ యజమాని బెర్రీ గార్డీకి మాత్రం తెల్ల శ్రోతల్లోకి సులువుగా పోయే గొంతు కావాలి. ప్రధాన గాయనిగా రాస్‌ని నిలబెట్టాడు. 1964 నుంచి 1967 దాకా పది పాటలు అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. వాటిలో ఫ్లారెన్స్ వెనకపాట పాడింది. తాగుతోంది, లావైంది, ప్రోగ్రాములకి రావట్లేదు అన్నారు. 1960లో కత్తి చూపించి ఆమెపై జరిపిన అత్యాచారం గురించి మేరీ విల్సన్ 1986లో తన పుస్తకంలో రాసింది. ఆ గాయాన్ని పక్కనబెట్టి తాగుడొక్కటే చెప్పడం ఏం చరిత్ర? 1967 జులైలో ఆమెను తీసేశారు. బృందం పేరు ‘డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్’ అయింది.

గార్డీ తెల్లవాడైతే లెక్క తేలికయ్యేది. కానీ మోటౌన్ నల్లవాళ్ళ సొంత కంపెనీ, నల్లజాతి ఆత్మగౌరవానికి గుర్తు. ఆ గుర్తు కిందే ఒక నల్ల కార్మికుడి బిడ్డ శ్రమా పేరూ పోయాయి. ‘మనోళ్ళే గదా’ అని ఊరుకుందామా? తొంభైల్లో దళిత స్త్రీలు మన ఉద్యమాన్ని అడిగిందీ ఇదే.

పరిహారంగా ఆమెకిచ్చింది సుమారు 1,39,000 డాలర్లు. ఏబీసీ కంపెనీకి పాడిన రెండు రికార్డులూ అమ్ముడుపోలేదు. 1971లో మోటౌన్ మీద 87 లక్షల డాలర్లకు దావా వేస్తే కోర్టు కొట్టేసింది. ఇల్లు పోయింది. ముగ్గురు కూతుళ్ళతో ప్రభుత్వ భృతి మీద బతికింది.

1976 ఫిబ్రవరి 22న గుండె నాళంలో రక్తం గడ్డకట్టి చనిపోయింది. 32 ఏళ్ళు. డెట్రాయిట్ మెమోరియల్ పార్క్‌లో పూడ్చారు. తెల్లవాళ్ళ శ్మశానాల్లో వివక్ష భరించలేక నల్లవాళ్ళు 1925లో తమకని కొనుక్కున్న నేల అది.