భాస్వరం నుంచి మెదడు స్కాన్ దాకా: కుంగుబాటు వైద్యంలో ఒక చరిత్ర

కుంగుబాటు వైద్యంలో మెదడు స్కానింగ్ చరిత్ర చదివేటప్పుడు గోదావరి డెల్టాను కూడా తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి రాజమహేంద్రవరంలో కొంతకాలం చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాని సాయంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావు అనగానే ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులే గుర్తుకొస్తాయి గాని, నా దృష్టిలో ఈ భాస్వరం పనే లోతైనది.

ఆనాడు కొలవాలంటే కండరాన్ని కోసి నూరవలసిందే. 1974లో ఆక్స్‌ఫర్డ్ బృందం నూరకుండానే, అయస్కాంత అనునాదం ద్వారా ఎలుక కండరంలో ఈ పదార్థాలను చూపింది. బలమైన అయస్కాంత క్షేత్రంలో భాస్వరం కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందిస్తాయి. భాస్వరం ఏ అణువులో ఉన్నదో దాన్ని బట్టి ఆ పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. తరువాత ఇదే పద్ధతి బతికున్న మనిషి మెదడుకూ వచ్చింది. కుంగుబాటు ఉన్నవారిలో ఈ శక్తి పదార్థాలు తగ్గినట్లు 1990లలో కొన్ని అధ్యయనాలు చూపాయి.

ఇక్కడ విద్యార్థి జాగ్రత్తపడాలి. అవి గుంపుల సగటులు. రోగుల విలువలూ ఆరోగ్యవంతుల విలువలూ చాలావరకు కలిసిపోతాయి కనుక, ఎదుట కూర్చున్న ఒక్క మనిషి గురించి ఆ అంకె ఏమీ తేల్చదు. 2018లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన సమీక్ష కూడా మానసిక వ్యాధుల నిర్ధారణకు ఇమేజింగ్ ఇంకా సిద్ధంగా లేదనే చెప్పింది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన ఒక అయస్కాంత ప్రేరణ చికిత్సలో ఎంఆర్ఐ వాడతారు. అది మెదడులో ఎక్కడ ప్రేరేపించాలో చూపడానికే.

మన ఊళ్లలో దీని పర్యవసానం చిన్నది కాదు. కాకినాడకో రాజమండ్రికో వెళ్లి, అప్పు చేసి తీయించిన స్కాన్‌లో "నార్మల్" అని రాగానే, "రోగమేం లేదు, అంతా నటన" అని ఇంట్లోవాళ్లు తేల్చేసే ప్రమాదం ఉంది. ఆ మాటకు అర్థం గడ్డ, పక్షవాతపు మచ్చ వంటివి కనిపించలేదని మాత్రమే. వయసు మళ్లాక మొదటిసారి కుంగుబాటు వచ్చినా, దానికి మూర్ఛో మతిమరుపో తోడైనా వైద్యుడు స్కాన్ రాసేది అందుకే. నిద్ర, ఆకలి, ఆసక్తి, చావు ఆలోచనల గురించి ఓపికగా అడిగి తెలుసుకోవడమే నేటికీ నిర్ధారణకు ఆధారం. థైరాయిడ్ రక్తపరీక్ష చాలాసార్లు స్కాన్ కంటే ముందు చేయించవలసినది.